అచ్చు చదవలేని పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకం సిద్ధం చేయడం ఎలా?

మీ క్లాసులో చూపు లేని పిల్ల ఉంది. లేదా చూపు బాగా తక్కువున్న పిల్లాడు, డిస్లెక్సియా వల్ల అక్షరాలు కూడబలుక్కోలేకపోతున్న పిల్లాడు, చేతులు సహకరించక పుస్తకం పట్టుకోలేని పిల్ల ఉన్నారు. సాయం చేద్దామనుకున్న చాలామంది ముందు ఫోన్ తీసి పాఠాలు చదివి రికార్డు చేయడం మొదలుపెడతారు. మనసు మంచిదే, కానీ అక్కడ మొదలుపెట్టకండి. రికార్డింగులో "42వ పేజీ, మూడో ప్రశ్న" వెతకాలంటే ముందుకీ వెనక్కీ జరుపుకుంటూ కూర్చోవాలి. "ఉపాధ్యాయుడు" అన్న మాటలో ఏ ధ, ఎక్కడ యావత్తు అన్నది వింటే తెలియదు. ఏళ్ల తరబడి చెవితోనే చదివిన పిల్లలకు పాఠం మొత్తం నోటికి వస్తుంది, పరీక్షలో సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే స్పెల్లింగు దగ్గర ఆగిపోతారు.

ముందు కావాల్సింది తప్పుల్లేని యూనికోడ్ టెక్స్ట్, అంటే ఏ ఫోనైనా కంప్యూటరైనా తెలుగు అక్షరాలుగా గుర్తించే టెక్స్ట్. అది చేతిలో ఉంటే ఫోన్ చదివి వినిపిస్తుంది, పెద్ద అక్షరాల్లో ప్రింటు తీయొచ్చు, బ్రెయిలీ చేయొచ్చు, ఆడియో కూడా చేయొచ్చు. ఇందులో శ్రమంతా ఆ టెక్స్ట్ తయారీలోనే ఉంది. ఆ తర్వాతిది ఒకటి రెండు రోజుల పని.

ముందుగా పిల్లని అడగండి

సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్‌లో శాతం ఉంటుంది, ఆ పిల్ల ఎలా చదవగలదో ఉండదు. ఒకే పేజీని 18, 24, 30 సైజుల్లో ప్రింటు తీసి ఇవ్వండి. దేన్ని పది నిమిషాలు తలనొప్పి లేకుండా చదవగలిగితే అదే ఆమె సైజు. కిటికీ దగ్గర కూర్చుంటే నయమా, ఎండ పడితే కళ్ళు చికిలిస్తోందా అన్నది కూడా చూడండి. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు హాయిగా ఉన్నాయని కొందరంటారు, ఆ మాట నమ్మండి.

చూపు అసలు లేకపోతే బ్రెయిలీ వచ్చా, ఫోన్లో తెర మీదిది చదివి వినిపించే టాక్‌బ్యాక్ వాడుతుందా, ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది అని కనుక్కోండి. నాన్న ఫోన్ పొద్దున ఆయనతో పనికి వెళ్ళిపోయి రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చే పరిస్థితైతే, ఫోన్‌కి పంపే ఫైళ్ల వల్ల ఉపయోగం లేదు. అలాంటి చోట మెమరీ కార్డుతో నడిచే చిన్న ప్లేయరో, బ్రెయిలీ పుస్తకమో కావాలి.

డిస్లెక్సియా ఉన్న పిల్లలకు కన్ను, చెవి రెండూ ఒకేసారి పనిచేస్తే మేలు. తెర మీద అక్షరాలు కనిపిస్తూ, చదువుతున్న మాట వెలుగుతూ, గొంతు వినిపిస్తూ ఉండాలి. ఇదీ టెక్స్ట్ ఉంటేనే కుదురుతుంది.

ఎవరైనా ఇప్పటికే చేశారేమో చూడండి

కేంద్ర దివ్యాంగుల సాధికారత విభాగం, అందుబాటు పుస్తకాలు తయారుచేసే సంస్థల వేదిక డైసీ ఫోరం ఆఫ్ ఇండియా, టీసీఎస్ కలిసి 2016లో మొదలుపెట్టిన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం ఉంది. వైకల్యానికి రుజువు పెట్టి సభ్యత్వం తీసుకోవాలి. మీకు కావాల్సిన పుస్తకం అందులో తెలుగులో ఉంటే సగం పని తప్పినట్టే. అయితే సిలబస్ మారిన ఏడాది పాత పుస్తకమే దొరుకుతుంది. డౌన్‌లోడ్ చేశాక మీ పుస్తకం విషయసూచికతో ఒకసారి సరిచూసుకోండి.

ప్రభుత్వ బడైతే మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) వెళ్ళి, అక్కడి సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లయిన ఐఈఆర్‌పీలతో మాట్లాడండి. బ్రెయిలీ, పెద్దక్షరాల పుస్తకాల గురించి సమగ్ర శిక్ష ద్వారా అడగాల్సింది అక్కడే. అడిగేది నోటిమాటగా వద్దు, ఎంఈఓ ఆఫీసులో కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 18 ఏళ్ళ వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, పరికరాలు ఉచితంగా ఇవ్వాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 17లో ఉంది. దరఖాస్తులో ఆ సెక్షన్ నంబరు కూడా రాయండి.

కాగితం కదిలే వరకు చేతులు ముడుచుకు కూర్చోకండి. మొదటి యూనిట్ పరీక్ష దానికోసం ఆగదు.

కాపీరైట్ టెన్షన్ వద్దు

"పుస్తకం స్కాన్ చేస్తే కేసవుతుందేమో" అని వెనకాడే టీచర్లు ఇంకా ఉన్నారు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో సెక్షన్ 52(1)(జెడ్‌బీ) వచ్చింది. వైకల్యం ఉన్నవాళ్ళు చదువుకోవడానికి వీలుగా ఏ పుస్తకాన్నైనా అందుబాటు రూపంలోకి మార్చడం, వాళ్ళకు ఇవ్వడం కాపీరైట్ ఉల్లంఘన కాదు. మీలాంటి మామూలు వ్యక్తి చేయొచ్చు, సంస్థ చేయొచ్చు. సంస్థైతే లాభాపేక్ష ఉండకూడదు, తయారీ ఖర్చుకు మించి తీసుకోకూడదు, ఆ కాపీలు మార్కెట్లోకి పోకుండా చూసుకోవాలి. ఈ సెక్షన్‌లో 40 శాతం లాంటి లెక్క లేదు. అచ్చు చదవలేనివాళ్ళకు పుస్తకాలు అందేలా చేసిన అంతర్జాతీయ మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకంటే ముందు ఆమోదించింది మన దేశమే. కాబట్టి ప్రైవేటు పబ్లిషర్ గైడైనా సరే, ఆ పిల్ల కోసం మార్చి ఇవ్వొచ్చు. కాకపోతే ఆ ఫైలుని ఊరందరి గ్రూపుల్లో పెట్టకండి.

టెక్స్ట్ సంపాదించడం

ప్రభుత్వ పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు ఆన్‌లైన్లో దొరుకుతాయి. దొరికింది కదా అని అలాగే పంపేయకండి. అందులో ఒక వాక్యాన్ని ఎంచుకుని, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. మూడింట్లో ఒకటి జరుగుతుంది.

తెలుగు అక్షరాలు చక్కగా వస్తే అది యూనికోడ్. మీ అదృష్టం.

ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడితే ఆ పుస్తకం అను ఫాంట్లలోనో, అలాంటి పాత డీటీపీ ఫాంట్లలోనో కంపోజ్ చేసింది. కంటికి తెలుగే కనిపిస్తుంది, లోపల మాత్రం తెలుగు అక్షరం ఒక్కటీ ఉండదు. స్క్రీన్ రీడర్ (తెర మీది టెక్స్ట్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) దాన్ని అర్థంలేని ఇంగ్లిష్‌గా గొణుగుతుంది. మన దగ్గర చూపున్నవాళ్ళకు తెలియకుండా పిల్లల్ని ఇబ్బంది పెడుతున్న అసలు సమస్య ఇదే. డీటీపీ సెంటర్ నుంచి మూల ఫైలు దొరికితే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు వాడొచ్చు. దొరక్కపోతే ఓసీఆర్ (ఫోటోలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే పద్ధతి) దారి పట్టండి.

అసలు ఏ అక్షరమూ సెలెక్ట్ కాకపోతే అవి ఉత్త ఫోటోలు. దీనికీ ఓసీఆరే.

తెలుగు ఓసీఆర్‌కి తేలికైన మార్గం గూగుల్ డ్రైవ్. పేజీలను 300 డీపీఐలో స్కాన్ చేయండి. ఫోన్‌తో ఫోటో తీస్తే పుస్తకం బాగా పరిచి, నీడ పడకుండా నిటారుగా పై నుంచి తీయండి. చిన్న చిన్న ఫైళ్ళుగా, ఒక్కోటి 2 ఎంబీ లోపు ఉండేలా డ్రైవ్‌లోకి ఎక్కించి, కుడి క్లిక్ చేసి గూగుల్ డాక్స్‌తో తెరవండి. బొమ్మ కింద టెక్స్ట్ వస్తుంది. కంప్యూటర్ మీద పట్టున్నవాళ్ళు టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు, ఉచితమే, తెలుగు డేటా కూడా ఉంది.

ఒక జాగ్రత్త. ఇప్పుడు చాలా పాఠ్యపుస్తకాలు ఎడమ పేజీ ఒక భాష, కుడి పేజీ ఇంకో భాష ఉన్న ద్విభాషా పుస్తకాలు. రెండు పేజీలూ కలిపి స్కాన్ చేస్తే వరుస మొత్తం కలిసిపోతుంది. తెలుగు పేజీలు వేరుగా, ఇంగ్లిష్ పేజీలు వేరుగా రెండు ఫోల్డర్లు పెట్టుకుని మొదలుపెట్టండి.

తప్పులు దిద్దడం

ఓపిక పరీక్షించే భాగం ఇదే. ఓసీఆర్ మన లిపిలో ఎక్కడెక్కడ బోల్తా పడుతుందో తెలిస్తే వేగంగా సాగుతుంది.

"మ"ను "వు" అనుకుంటుంది, అలా "మనము" కాస్తా "వునవుు" అవుతుంది. "ప", "వ" తారుమారవుతాయి. "ఆవు పాలు ఇస్తుంది" అన్నది "ఆవు వాలు ఇస్తుంది" అయితే స్పెల్ చెకర్ పట్టుకోదు, ఎందుకంటే వాలు కూడా మాటే. "ఘనపరిమాణం" "మనపరిమాణం" అయిపోతుంది. ర, ఠ, థ, ధ, చ, ఛ, వీటి మీద కన్నేయండి. "అర్థం", "అర్ధం" తేడా లెక్కల పుస్తకంలో ముఖ్యం.

అన్నిటికంటే మాయదారిది సున్న. తెలుగు అంకె "౦", పూర్ణానుస్వారం "ం" కంటికి ఒకేలా ఉంటాయి. "వ౦ద" అని అంకెతో పడితే మనం హాయిగా "వంద" అనే చదువుకుంటాం, మెషీన్ మాత్రం మధ్యలో సున్నా అని పలకొచ్చు, మాట విరగ్గొట్టొచ్చు. ఫైండ్, రీప్లేస్‌లో తెలుగు అంకె సున్నాని వెతికి అనుస్వారంగా మార్చేయండి. దీనికి తిరగేసిన తప్పూ ఉంటుంది. 2016లోని సున్నా అనుస్వారమై "2ం16"గా పడుతుంది. సాంఘికశాస్త్రంలో తేదీలన్నీ విడిగా చూడాల్సిందే.

మన అచ్చులో లైను చివర చోటు చాలకపోతే మాటను గీత లేకుండానే విరిచి కింది లైనుకి వేస్తారు. "విద్యా" ఒక లైనులో, "ర్థులు" ఇంకో లైనులో. ఓసీఆర్ వీటిని రెండు మాటలుగా ఉంచేస్తుంది. లైన్ల చివర పడ్డ ఎంటర్లు తీసేసి పేరాలు కలుపుతున్నప్పుడే ఇవీ అతికించండి.

కంటితో ఒకసారి దిద్దాక చెవితో రెండోసారి దిద్దండి. ఫైలుని ఫోన్లో చదివిస్తూ పుస్తకం ముందు పెట్టుకుని వినండి. కన్ను క్షమించేసిన తప్పుని చెవి పట్టేస్తుంది. ఆ రెండోసారి దిద్దేది వేరే మనిషైతే ఇంకా మంచిది. డిగ్రీ కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు ఈ పని సంతోషంగా చేస్తారు. తలా ఒక పాఠం పంచి, ఒకరు చేసింది ఇంకొకరు వినేలా పెట్టండి. ఒక్కరికే పుస్తకం మొత్తం అప్పగిస్తే రెండో పాఠం దగ్గరే ఆగిపోతుంది.

దారి గుర్తులు పెట్టడం

టెక్స్ట్ శుభ్రంగా ఉన్నా, నూట యాభై పేజీలు ఏకధాటిగా ఉంటే పిల్ల దాన్లో దారి తప్పుతుంది. వర్డ్‌లో పాఠం పేరుకి హెడింగ్ 1, లోపలి శీర్షికలకు హెడింగ్ 2 స్టైల్ ఇవ్వండి. బోల్డ్ చేసి సైజు పెంచితే మనకు శీర్షికలా కనిపిస్తుందేగానీ స్క్రీన్ రీడర్‌కి అది మామూలు లైనే. స్టైల్ ఇస్తే ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో హెచ్ నొక్కుతూ శీర్షిక నుంచి శీర్షికకు దూకొచ్చు. ఎన్‌వీడీఏ అంటే విండోస్‌లో ఉచితంగా పనిచేసే స్క్రీన్ రీడర్. ఆస్ట్రేలియాకు చెందిన చూపు లేని ప్రోగ్రామర్ మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టాడు. దాంతో వచ్చే తెలుగు గొంతు మరమనిషి గొంతే, అలవాటు పడాలి. ఫోన్లో గూగుల్ తెలుగు గొంతు కొంచెం మెత్తన.

అచ్చు పుస్తకంలోని పేజీ నంబర్లు తప్పకుండా ఉంచండి. పేజీ మొదలయ్యే చోట "పేజీ 42" అని విడి లైనుగా, హెడింగ్ 6 స్టైల్‌లో పెట్టండి. టీచరు "42వ పేజీ తీయండి" అన్నప్పుడు క్లాసుతో పాటే ఆ పిల్ల కూడా తీయగలగాలి.

ఖాళీలు పూరించండి దగ్గర అండర్‌స్కోర్లు వరసగా కొట్టకండి, స్క్రీన్ రీడర్ "అండర్‌లైన్, అండర్‌లైన్" అని పలుకుతూనే ఉంటుంది. "ఖాళీ" అని రాస్తే చాలు. జతపరచండిని స్పేస్ కొట్టి రెండు నిలువు వరసలుగా పెడితే రెండూ కలిపి చదివేస్తుంది. ముందు "అ" జాబితా మొత్తం, దాని కింద "ఆ" జాబితా మొత్తం రాయండి. పేజీ పక్కన రంగు పెట్టెలో ఉండే "మీకు తెలుసా?" లాంటివి వాక్యం మధ్యలో దూరతాయి, వాటిని పేరా అయ్యాక పెట్టి "పెట్టెలోని విషయం" అని మొదలుపెట్టండి.

బొమ్మలు, పటాలు

ప్రతి బొమ్మకీ వర్ణన రాయక్కర్లేదు. పేజీ అందానికి వేసిన సీతాకోకచిలుకని వదిలేయండి. పాఠం ఆధారపడిన బొమ్మ అయితే రెండు మాటలు, స్క్రీన్ రీడర్ చదివేలా బొమ్మకు జోడించే ఆల్ట్ టెక్స్ట్‌లో, వివరం బొమ్మ కింద మామూలు పేరాగా రాయండి. "కృష్ణా నది పటం" అంటే పిల్లకి ఏమీ దక్కదు. ఇలా రాయండి: "నది మహారాష్ట్రలో మహాబలేశ్వర్ దగ్గర, పటంలో ఎడమ వైపు మొదలవుతుంది. కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ దాటుకుంటూ కుడి వైపుకి వస్తుంది. హంసలదీవి దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది." వేలితో గీత మీద నడిచినట్టు ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకి సాగాలి.

అయినా పటాన్ని మాటల్లో చెప్పడం కంటే చేతికివ్వడం మేలు. మందపాటి అట్ట మీద ఫెవికాల్‌తో నదులకు ఊలు దారం, రాష్ట్ర సరిహద్దుకి పురికొస, సముద్రానికి గరుకు కాగితం అతికించండి. నగరాలకు బొట్టుబిళ్ళలు పెట్టండి. ఒక అట్ట మీద నాలుగైదు విషయాలకు మించి వద్దు, నదులూ నేలలూ పంటలూ ఒకే పటంలో కుక్కితే వేలికి అంతా గజిబిజే. అట్ట కుడి పైమూల కత్తిరించి పెడితే ఎటు పట్టుకోవాలో పిల్లకి వెంటనే తెలుస్తుంది.

వస్తువే దొరికే చోట బొమ్మ ఎందుకు? పువ్వు భాగాల పాఠానికి మందారం తీసుకెళ్ళండి. కింద పచ్చటి రక్షక పత్రాలు, వాటిపై ఐదు ఆకర్షక పత్రాలు, మధ్యలోంచి పొడుచుకొచ్చిన గొట్టం, దాని చుట్టూ పుప్పొడి రాలే కేసరాలు, కొసన ఐదుగా చీలిన కీలాగ్రం. వేలు పెట్టి ఒక్కోటి చెప్పండి. మీరే బ్లేడుతో నిలువుగా కోసి, అడుగున అండాశయం తాకించండి. మిగతా క్లాసు కూడా ఆ రోజు ఆ బల్ల చుట్టూనే ఉంటుంది.

"చూపు లేనివాళ్ళకు సైన్సెందుకు, ఆర్ట్స్ చాలు" అనేవాళ్ళు మీ స్టాఫ్‌రూమ్‌లోనూ ఉండొచ్చు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన చూపు లేని శ్రీకాంత్ బొల్లాకి పదో తరగతి తర్వాత ఇదే మాట చెప్పారు. ఆయన కోర్టుకి వెళ్ళి ఇంటర్‌లో సైన్స్ సీటు తెచ్చుకుని, పాఠాలను ఆడియోగా మార్చుకుని చదివి, తర్వాత అమెరికాలో ఎంఐటీకి వెళ్ళారు.

లెక్కలకు వస్తే, సమీకరణాన్ని ఎప్పుడూ ఫోటోగా అతికించకండి, వర్డ్‌లోని ఈక్వేషన్ ఎడిటర్‌లో టైపు చేయండి. చిన్న తరగతుల్లో స్క్రీన్ రీడర్ కంటే టేలర్ ఫ్రేమ్ (తాకి లెక్కలు చేసే అంకెల పలక), అబాకస్ మీద చేయించడమే నయం.

ఏ రూపంలో ఇవ్వాలి

ఫోన్, కంప్యూటర్ వాడే పిల్లకి ఆ వర్డ్ ఫైలే చాలు. ఈపబ్ (ఈ-పుస్తకాల ఫైలు రూపం) కావాలంటే డైసీ కన్సార్టియం ఉచితంగా ఇచ్చే వర్డ్‌టుఈపబ్ అనే పనిముట్టు ఉంది. మీరిచ్చిన హెడింగులే అందులో విషయసూచిక అవుతాయి.

పెద్దక్షరాలు అనగానే జిరాక్స్ షాపులో ఏ3కి పెంచి తేకండి. ఆ కాగితం బెంచీ మీద పట్టదు, బొమ్మలు నల్లగా మాడిపోతాయి, పక్కపిల్లలు వింతగా చూస్తారని పిల్ల బయటికే తీయదు. టెక్స్ట్ మీ దగ్గరే ఉంది కాబట్టి ఆ పిల్ల సైజులో ఏ4 మీద కొత్తగా పేజీలు కట్టండి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంట్ ఎంచుకోండి. మనకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి లైన్ల మధ్య కనీసం ఒకటిన్నర ఎడం ఉండాలి. ఎడమ అంచుకి సర్దండి, రెండు వైపులా సమానంగా లాగితే మాటల మధ్య ఖాళీలు ఎక్కువతక్కువై కన్ను జారుతుంది. మెరిసే కాగితం వద్దు. స్పైరల్ బైండింగ్ చేయిస్తే పుస్తకం పూర్తిగా పరుచుకుంటుంది. పాఠానికో పుస్తకంగా కడితే సంచీ బరువూ తగ్గుతుంది.

బ్రెయిలీకి మన తెలుగు భారతీయ భాషల ఉమ్మడి పద్ధతైన భారతి బ్రెయిలీలో వస్తుంది. లిబ్‌లూయీ అనే బ్రెయిలీ మార్పిడి ప్రోగ్రామ్ మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్లు యూనికోడ్ తెలుగుని బ్రెయిలీలోకి మారుస్తాయి. టెక్స్ట్‌లో ఒక్క ఒత్తు తప్పు పోతే బ్రెయిలీలోనూ తప్పే వస్తుంది, అందుకే దిద్దుబాటు మీద అంత సేపు కూర్చున్నాం. అచ్చు పేజీ ఒకటి బ్రెయిలీలో రెండు మూడు పేజీలవుతుంది కాబట్టి పుస్తకం మొత్తం ఒకేసారి కాకుండా టర్మ్ వారీగా వేయించండి. ప్రింటింగ్‌కి చుక్కలను ఉబ్బెత్తుగా అచ్చు వేసే ఎంబాసర్ కావాలి. దగ్గర్లోని అంధుల పాఠశాలనో, బ్రెయిలీ ప్రెస్‌నో అడగండి.

ఇక మొదట్లో పక్కన పెట్టిన మనిషి గొంతు. పద్యాలకు దాన్ని తీసుకురండి. ఆటవెలదినైనా కందాన్నైనా మెషీన్ చదివితే వినలేం. పాదాలు విడిచే చోటు దానికి తెలియదు, రాగం అసలే లేదు. తెలుగు మాస్టారితో పద్యాన్ని ఒకసారి రాగయుక్తంగా, ఒకసారి పదం పదం విడదీసి చదివించి రికార్డు చేయండి. ఫైలు పేరులో పాఠం నంబరు ముందుండాలి. గద్యం మాత్రం టెక్స్ట్‌గానే ఉండనివ్వండి.

రోజువారీ పని

పుస్తకం సిద్ధమైనా, రోజూ ఇచ్చేవి అందకపోతే పిల్ల మళ్ళీ వెనకబడుతుంది. క్లాసు వాట్సాప్ గ్రూపు తెరిచి చూడండి: బోర్డు ఫోటో, చేతిరాత నోట్సు ఫోటో, వర్క్‌షీట్ ఫోటో. టాక్‌బ్యాక్‌తో అవి తెరిస్తే "ఫోటో" అనడం తప్ప పెద్దగా ఏమీ వినపడదు. ఫోటోతో పాటు అదే విషయాన్ని గూగుల్ కీబోర్డులో వాయిస్ టైపింగ్‌తో నాలుగు లైన్లుగా పెట్టేలా టీచర్లతో మాట్లాడండి. రెండు నిమిషాల పని. బోర్డు మీద రాస్తున్నప్పుడే రాస్తున్నది పైకి చదివితే సగం సమస్య క్లాసులోనే తీరుతుంది.

యూనిట్ టెస్టు పేపర్లు కూడా ముందు రోజే అదే రూపంలో ఉండాలి. పరీక్ష హాల్లో అప్పటికప్పుడు ఎవరో చదివి వినిపిస్తారులే అనుకుంటే, ఆ ఎవరో బోర్ మోటార్ చూడ్డానికి వెళ్ళిన అటెండర్ అవుతాడు.

బడి తెరిచే నాటికి పుస్తకం మొత్తం పూర్తవదు, పూర్తవ్వాలని పట్టుపట్టకండి కూడా. మొదటి రెండు పాఠాలు జూన్‌కి సిద్ధంగా ఉంచి, ఆ తర్వాత క్లాసు కంటే ఎప్పుడూ ఒక పాఠం ముందుండండి. సబ్జెక్టు టీచరు ఏ పాఠం తర్వాత ఏది చెబుతారో ముందే అడిగి రాసుకోండి. వరుస మార్చి చెప్పేవాళ్ళు చాలామంది.

మొదటి పాఠం ఇచ్చాక పిల్ల పక్కన కూర్చుని, మీరు ముట్టుకోకుండా, ఆమెనే ఫైలు తెరిచి ఫలానా పేజీలో ఫలానా ప్రశ్న తీయమనండి. ఎక్కడ ఆగిందో అక్కడ రాసుకుని, రెండో పాఠంలో సరిచేయండి. ఏడాది చివర్లో దిద్దిన ఫైళ్ళన్నీ తరగతి, సబ్జెక్టు, సిలబస్ సంవత్సరం పేర్లతో ఒక ఫోల్డర్లో పెట్టి, భవిత కేంద్రానికి ఒక కాపీ, సుగమ్య పుస్తకాలయకి చేర్చేలా డైసీ ఫోరం సభ్య సంస్థకి ఒక కాపీ ఇవ్వండి. వచ్చే ఏడాది పక్క మండలంలో ఇంకో టీచరు ఇదే పుస్తకాన్ని స్కాన్ చేయడానికి కూర్చోకుండా ఉంటారు.